అరుగు మీది అమ్మమ్మ



అమ్మమ్మ అనగానే మనకు గుర్తొచ్చేవి ఆవకాయ జాడీ, సున్నుండలు, రాత్రిపూట కథలు. మా అమ్మమ్మా ఇవన్నీ చేసింది. ఎనిమిదిమందిని కని ఐదుగుర్ని దక్కించుకుంది. వాళ్ళ పెళ్ళిళ్ళు, పురుళ్ళు అన్నీ ఒంటిచేత్తో నెట్టుకొచ్చింది. అయితే ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఆవిడ వంట గురించి కాదు. ఆవిడకు నేను పడిన బాకీ గురించి.

అమ్మమ్మ ఊరు రాజమండ్రికి దగ్గర. ఆ రాజమండ్రిలోనే 1881 డిసెంబరు 11న వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతు వివాహం జరిపించారు. కాని ఎనభై ఏళ్ళు గడిచాక కూడా, 1960లలో, మా అమ్మమ్మ ఇంట్లో భర్త పోయిన మనిషి పండగ ముగ్గు ముట్టుకోవడానికి వీల్లేదు. తాతయ్య పోయేనాటికి ఆవిడకు నలభై కూడా నిండలేదట. అంతకుముందు ధనుర్మాసం వచ్చిందంటే ఆ వీధిలో ఆవిడ ముగ్గు చూడకుండా ఎవరూ నీళ్ళబిందె ఎత్తేవారు కాదని మా అమ్మ చెప్పేది. ఆ తర్వాత ఆ చెయ్యి ముగ్గుగిన్నె జోలికి పోలేదు.

నాకు పదేళ్ళప్పుడు సంక్రాంతికి అక్కడికి వెళ్ళాం. తెల్లవారుజామున అమ్మమ్మ శాలువా కప్పుకుని అరుగు మీద కూర్చునేది. నేను వాకిట్లో ముగ్గుగిన్నె పట్టుకుని నిలబడేదాన్ని.

"పదిహేను చుక్కలు పెట్టవే. ఇప్పుడు సందు చుక్క. ఎనిమిది దాకా పోవాలి, పైకీ, కిందికీ."

నడి వరసలో పదిహేను, దానికి అటూ ఇటూ పద్నాలుగేసి, పదమూడేసి, అలా తగ్గుతూ ఎనిమిది. అన్నీ కలిపితే 169 చుక్కలు. సంతకం రాక వేలిముద్ర వేసే మనిషి ఆ లెక్కంతా కళ్ళతోనే చూసేది. ఒక్క చుక్క తప్పితే చాలు, "మూడో వరసలో ఒకటి మింగేశావు, చూసుకో" అని అరుగు మీదినుంచే పట్టేసేది. గీత ఎక్కడ తిప్పాలో, ఎక్కడ కలపాలో మాటతోనే నడిపించేది. గీసేది నా చెయ్యి, గీయించేది ఆవిడ.

ఆ ఏడు ఊళ్ళో ముగ్గులపోటీ పెట్టారు. మొదటి బహుమతి నాకే వచ్చింది. స్టీలు గ్లాసు! ఇచ్చిన పెద్దావిడ నా బుగ్గ పుణికి, "ఇంత పెద్ద ముగ్గు ఎవరు నేర్పారమ్మా?" అని అడిగారు.

"నాకే వచ్చండీ" అన్నాను.

ఎందుకలా అన్నానో నాకే తెలీదు. ఆవిడ పేరు చెబితే పండగపూట ఎవరన్నా ఏమన్నా అంటారని భయమా? గొప్పంతా నాకే కావాలన్న ఆశా? రెండూ ఉన్నాయేమో. ఇంటికొచ్చాక సంగతి విని అమ్మమ్మ కోప్పడలేదు. ఆ గ్లాసు కడిగి పాలు పోసి ఇస్తూ, "ఎవరి పేరైతేనేం? గ్లాసు మనింటికేగా వచ్చింది" అంది. ఆ మాట అంటున్నప్పుడు నావైపు చూడలేదు. అది మాత్రం నాకు బాగా గుర్తు.

మధ్యాహ్నాలు అందరూ కునుకు తీసేవేళ ఆవిడ బొంతలు కుట్టేది. మెత్తబడిన నూలుచీరలు మడతలుగా పరిచి, రంగుదారంతో దగ్గరదగ్గరగా కుట్టు వేసేది. మనవలందరికీ తలా ఒకటి కుట్టిచ్చింది. నా బొంతను ఇన్నేళ్ళూ కప్పుకున్నాను, ఉతికాను, పెట్టెలో పెట్టాను. మా అమ్మాయి పురిటికి వచ్చినప్పుడు మళ్ళీ తీసి ఎండలో ఆరేస్తే, వెలుగు పడి కుట్టు పైకి తేలింది. వేలు పెట్టి లెక్కపెట్టాను. నడుమ పదిహేను, చివర ఎనిమిది. అదే ముగ్గు!

వాకిట్లో వెయ్యనివ్వని ముగ్గును ఆవిడ బొంత మీద వేసుకుందన్నమాట. వాకిట్లో ముగ్గయితే పొద్దెక్కేసరికి చెరిగిపోయేది. ఇది ఇప్పటికీ చెరగలేదు.

భండారు అచ్చమాంబగారు నూరేళ్ళకు ముందే స్త్రీల చరిత్రలు ఏర్చి కూర్చి 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాశారు. పేరున్నవాళ్ళ సంగతి అలా నిలిచింది. మన ఇళ్ళల్లో పేరు లేకుండా బతికినవాళ్ళ సంగతి మనం కాక ఇంకెవరు రాస్తారు? మీ ఇంట్లో పెద్దావిడ ఉంటే ఇవాళే పక్కన కూర్చోండి. ఏ పాట ఎవరి దగ్గర నేర్చుకుందో, ఏ పచ్చడికి ఏ కొలతో, ఏ ముగ్గుకు ఎన్ని చుక్కలో అడగండి. చాకలి పద్దు పుస్తకమైనా సరే, అందులో రాసిపెట్టండి. పక్కనే ఆవిడ పేరు కూడా రాయండి.

నేను ఆలస్యం చేశాను. అయినా బొంత మూల ఎర్రదారంతో అమ్మమ్మ పేరు కుట్టాను. ఈసారి మా మనవరాలు "ఇదెవరు చేశారు?" అని అడిగితే సరైన జవాబే చెబుతాను.

సెలవు.