ఏ నీటికి ఆ తాడు

(సాంస్కృతికోత్సవాల రెండవ నాటి సభలో చేసిన ప్రసంగ పాఠం)



నిన్న ఈ వేదిక మీద నృత్యం చూశాం, పద్యాలు విన్నాం. ఈవేళ నన్ను గాలం గురించి మాట్లాడమన్నారని తెలిసి, "ఇదేం సాంస్కృతిక విషయమండీ" అని కొందరు మిత్రులు నవ్వారు. నవ్వనీయండి. ఏటి ఒడ్డున పుట్టినవాడికి గాలం వెయ్యడం కూడా ఒక చదువే. పైగా ఈ విషయం చెప్పమన్నది పెద్దలు కాదు, పిల్లలు. సెలవురోజున అల్‌ఖోబర్ తీరానో, జిద్దాకు ఉత్తరాన ఓభూర్ ఒడ్డునో ఫ్లై రాడ్డు పట్టుకుని నిలబడే కుర్రవాళ్ళు మనలోనూ కొందరు తయారయ్యారు. వాళ్ళడిగే ప్రశ్న ఒక్కటే: "మావయ్యా, ఏ లైను కొనాలి?" ఆ ప్రశ్నకు నాకు తెలిసిన జవాబు మనవి చేస్తాను.

మొదట అసలు సంగతి. మామూలు గాలంలో సీసపు గుండు ముందు పోతుంది, దారం దాని వెంట పోతుంది. ఫ్లై గాలంలో ఎర ఈకలతో, వెంట్రుకలతో కట్టినది. దానికి చెప్పుకోదగ్గ బరువు లేదు. బరువంతా తాడులోనే ఉంది. మన వైపు విసురువల వేసేవాణ్ణి చూసినవారికి ఇది సులువుగా బోధపడుతుంది. వల అంచున కట్టిన సీసపు గుళ్ళు వలను లాక్కుపోయినట్టే, ఇక్కడ తాడు ఎరను లాక్కుపోతుంది. అందుచేత రాడ్డుకు పెట్టే శ్రద్ధలో సగమైనా తాడుకు పెట్టకపోతే ఆ రాడ్డు ఒట్టి కర్రే. ఇక స్ట్రీమరంటే చిన్న చేపను పోలేటట్టు కట్టిన పొడుగాటి ఈక ఎర. తాడును చేత్తో మూరెడు మూరెడు లాగుతూ దాన్ని నీటిలో ఈదించాలి.

నేను చేసిన తప్పుతో మొదలుపెడతాను. నా మొదటి లైను ఒక కాటలాగు చూసి తెప్పించుకున్నాను. పెట్టె మీద చల్లని కొండ ఏరు బొమ్మ, అందులో ట్రౌట్ చేప. ధర చూసి మంచిదే అయివుంటుందనుకున్నాను. జూలైలో హాఫ్‌మూన్ బే తీరానికి తీసుకుపోయి విసిరితే తాడు ఉడికిన సేమ్యాలాగా వేలాడింది. రాడ్డు రింగుల్లో అతుక్కుంది. పది గజాలు కూడా పోలేదు. గాలిని తిట్టాను, రాడ్డును తిట్టాను, చివరికి నా చేతిని తిట్టుకున్నాను. తప్పు వాటిలో దేనిదీ కాదు. ఫ్లై లైనుకు లోపల ఒక పేట, పైన ప్లాస్టిక్ పూత ఉంటాయి. చన్నీళ్ళ కోసం చేసిన తాడుకు పూత మెత్తగా వేస్తారు, లేకపోతే చలికి చుట్టలు చుట్టుకుంటుంది. అదే తాడును 30 డిగ్రీలు దాటిన నీటిలో వేస్తే జావగారిపోతుంది. వేడి నీటికి చేసిన తాడుకు గట్టి పూత, బిరుసైన పేట ఉంటాయి. దాన్నే ట్రాపికల్ లైనంటారు.

అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. ఈ దేశానికి రెండు సముద్రాలు. తూర్పున గల్ఫ్ సముద్రం సగటున 35 మీటర్ల లోతే. లోతు లేని నీరు తొందరగా కాగుతుంది, తొందరగా చల్లారుతుంది. వేసవిలో 33, 34 డిగ్రీలుండే జుబైల్ నీరు జనవరిలో 20కి దిగువకు పోతుంది. పడమటి ఎర్రసముద్రం అలా కాదు. నడిమధ్యన 2000 మీటర్లు దాటిన లోతు, జిద్దా దగ్గర చలికాలంలో కూడా గోరువెచ్చని నీరు. కాబట్టి జిద్దా పిల్లలకు ఏడాది పొడుగునా ట్రాపికల్ లైను చాలు. తూర్పు రాష్ట్రం పిల్లలు జనవరిలో అదే తాడు వాడితే స్ప్రింగులాగా చుట్టలు తిరుగుతుంది. విసిరేముందు ఇద్దరు చెరొక కొస పట్టుకుని మెల్లగా సాగదీస్తే దారికొస్తుంది.

రెండవది బరువు. తాడు ముందు భాగం 30 అడుగులు ఎంత తూగితే అది ఆ నంబరు. 8వ నంబరు 210 గ్రెయిన్లు, అంటే సుమారు పదమూడున్నర గ్రాములు. 10వ నంబరు 280 గ్రెయిన్లు, 18 గ్రాములు. 12వ నంబరు 380 గ్రెయిన్లు, దగ్గర దగ్గర 25 గ్రాములు. రాడ్డు మీద ఏ నంబరు వేసివుంటే తాడు కూడా సాధారణంగా ఆ నంబరే. తీరాన దొరికే షారీ వంటి చేపలకు 8 చాలు. క్వీన్‌ఫిష్‌కు, ఇక్కడివారు కనద్ అనే మన వంజరానికి 9 గాని 10 గాని కావాలి. వంజరం పళ్ళకు లీడరు చివర జానెడు ఉక్కు తీగ కూడా ఉండాలి. మన పార జాతి చేపల్లో కెల్లా పెద్దదైన జెయింట్ ట్రెవల్లీకి 12 తప్పదు. వాయవ్యం నుంచి షమాల్ గాలి వీచే రోజుల్లో తేలిక తాడు మొహాన కొడుతుంది. బరువంతా ముందుకు పోగుచేసిన, వెయిట్ ఫార్వర్డ్ అనే తాడు ఆ గాలిని చీల్చుకుపోతుంది.

మూడవది లోతు. తేలే తాడు, మెల్లగా మునిగే తాడు, వేగంగా మునిగే తాడు అని స్థూలంగా మూడు రకాలు. తేలే తాడు పూతలో కంటికి కనిపించని బోలు గాజు పూసలు కలుపుతారు. మునిగే తాడులో టంగ్‌స్టన్ పొడి కలుపుతారు. మోకాలి లోతు నీటిలో, ఫరసాన్ దీవుల వంటి చోట్ల చేపను కంటితో చూసి విసిరేటప్పుడు తేలేది కావాలి. అలలు కొట్టే ఒడ్డున, నడుము లోతు నుంచి రెండు నిలువుల వరకు ఇంటర్మీడియెట్ అనే మెల్లగా మునిగే తాడు మంచిది. అది అల కిందికి దిగి, ఎరతో సూటిగా సంబంధం నిలుపుతుంది. పగడపు దిబ్బ అంచున నీరు హఠాత్తుగా నల్లబడే చోట వేగంగా మునిగేది కావాలి.

లెక్క చెబుతాను, పిల్లలు రాసుకోండి. ఇంటర్మీడియెట్ సెకనుకు సుమారు 4 సెంటీమీటర్లు దిగుతుంది. వేగంగా మునిగేవాటిలో 6వ రకం 15 సెంటీమీటర్లు. 3 మీటర్ల లోతుకు మొదటిదానికి 75 సెకన్లు, రెండోదానికి 20 సెకన్లు పడుతుంది. విసిరాక మనసులో అంకెలు లెక్కపెట్టి లాగడం మొదలుపెట్టండి. చేప తగిలిన అంకె గుర్తుంచుకుంటే మళ్ళీ అదే లోతుకు పోవచ్చు. ఇంకొక సంగతి. మునిగే తాడుకు లీడరు 4, 5 అడుగులకు మించకూడదు. పొడుగు లీడరు కట్టితే తాడు అడుగుకు పోతుంది, ఎర మాత్రం పైనే తేలుతుంది.

నాలుగవది బలం. ఇది పెట్టె మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఎవరూ చదవరు. యాన్‌బు దగ్గర ఒకసారి నేను 60 పౌనుల లీడరు కట్టి పెద్ద చేపను పట్టాలని ధీమాగా వెళ్ళాను. నా తాడు లోపలి పేట బలం 30 పౌనులే. చేప తగిలింది, పగడాల వైపు దూసుకుపోయింది, తాడు మధ్యలో తెగింది. నాకు పోయింది ఒక తాడు. చేపకు? నోటిలో కొక్కెం, వెనక యాభై అడుగుల ప్లాస్టిక్ తాడు. అది ఏ పగడపు కొమ్మకో చుట్టుకుంటే ఆ చేప అక్కడే కట్టుబడి చస్తుంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పటినుంచి ఒక నియమం పెట్టుకున్నాను: అన్నిటికన్నా బలహీనమైన ముడి కొక్కేనికి దగ్గరగా ఉండాలి. తెగితే అక్కడే తెగాలి. లీడరు చివరి దారం బలం ఎప్పుడూ తాడు పేట బలం కన్నా తక్కువే ఉండాలి. పట్టడం మన సరదా కావచ్చు, అది చేప ప్రాణం.

ఇప్పుడు ఏటి సంగతి. సౌదీ అరేబియాలో ఏడాది పొడుగునా పారే నది ఒక్కటీ లేదు. వాన పడినప్పుడు పారే వాదీలే ఉన్నాయి. కాబట్టి మన పిల్లలకు ఏటి గాలం అంటే వేసవి సెలవుల్లో తాతగారి ఊరే. నాకది గోదావరి. ఇక్కడే చాలామంది నేను చేసిన తప్పే మళ్ళీ చేస్తారు. పెట్టె మీద "నది" అని చదివి తాడు కొంటారు. ఆ నది కొండల్లోని చల్లని ట్రౌట్ నది. గోదావరి నీరు జూలైలో సుమారు 30 డిగ్రీలుంటుంది. దానికి కూడా ట్రాపికల్ తాడే కావాలి. ఉప్పునీరా, మంచినీరా అన్న భేదం కన్నా వేడి ఎంత, లోతు ఎంత, ప్రవాహం ఎంత అన్నదే ముఖ్యం.

ప్రవాహంలో తేలే తాడు వేస్తే ఏరు దాన్ని విల్లులా వంచి ఎరను పైకి లాగేస్తుంది. కొస 10, 15 అడుగులు మాత్రం మునిగి మిగతాది తేలే తాడు అక్కడ నయం. దానికి వేరే లైను కొనక్కరలేదు. ఇక్కడ వాడే తేలే ట్రాపికల్ తాడుకే 10 అడుగుల మునిగే లీడరు తగిలిస్తే పని జరుగుతుంది. ఒక్క రీలు పెట్టెలో పెట్టుకుపోతే రెండు దేశాలకూ సరిపోతుంది. సెలవుల నాటికి ఎర్రనీరు వచ్చేస్తుంది గనుక నల్లటి, పెద్ద స్ట్రీమరు ఒడ్డు వారగా వెయ్యండి. పులస స్ట్రీమరుకు రాదు, దానికి వలే గతి. సముద్రానికి దగ్గరి పాయల్లో పండుగప్ప, పైన మడుగుల్లో వాలుగ ఈ ఎరకు తగ్గ వేటాడే చేపలు.

తాడును కాపాడుకోవడం కూడా చెప్పాలి. ఉప్పునీటి నుంచి రాగానే మంచినీళ్ళతో కడగండి. వేసవిలో కారు డిక్కీలో రీలు వదిలెయ్యకండి. దోమల మందు, పెట్రోలు అంటిన చేతులతో ముట్టుకోకండి, పూత పాడవుతుంది.

ఒక చిన్న విషయం చెప్పి ముగిస్తాను. ఒక వేసవిలో మా అబ్బాయిని తీసుకుని ధవళేశ్వరానికి దిగువన మా నాన్నగారితో ఏటి ఒడ్డుకు వెళ్ళాను. ఆయన రాడ్డు కేసి చూసి, "ఏరా, గుండేదిరా?" అన్నారు. "తాడే గుండు తాతయ్యా" అని మా వాడు జవాబిచ్చాడు. ఆయన తాడును అరచేతిలో పెట్టుకుని తూచి చూశారు. తరవాత మనవడి పక్కన నిలబడి, అదుగో అది మడుగు, ఇది సుడి, అవతలిది లంక, దాని వెనక పాయ అని వేలు పెట్టి చూపిస్తూ ఎక్కడ వెయ్యాలో చెప్పారు. దమ్మాములో పెరిగిన వాడికి ఆ నాలుగు మాటలూ అంతకు ముందు తెలియవు. నేనూ ఎన్నడూ చెప్పలేదు. నది లేని దేశంలో వాటి అవసరం ఏముంది? ఆ పూట మాకు చేప పడలేదు. వాడు ఆ మాటలు మాత్రం మరిచిపోలేదు.

కనుక పిల్లలూ, తాడు కొనేముందు పెట్టె మీద బొమ్మ చూడకండి. మీరు నిలబడబోయే నీటిని చూడండి, ఆ నీటి సంగతి తెలిసిన పెద్దవాణ్ణి అడగండి.