పాత చీర బొంతయితది, పాత డ్రమ్ము ఏమైతది?

(మహిళా సంఘం సమావేశంలో చేసిన ప్రసంగం)



ఈ రోజు మనం పాత సామాన్ల గురించి మాట్లాడుకుందాం. ఇంట్లో పనికిరావని పక్కన పడేసిన వాటితో ఏమేం చేసుకోవచ్చు? ఏవి అసలు ఇంటికే తేవద్దు? ఈ రెండూ చెప్పడానికి వచ్చాను.

మన ఇండ్లల్లో ఏదీ ఊరికే పోదు. చీర పాతదైతే బొంత అయితది. బొంత చినిగితే కాళ్ళు తుడుచుకునే పట్టా అయితది. అదీ పాడైతే పొయ్యి మీది గిన్నె దింపే మసిగుడ్డ అయితది. ఇది మనకు ఎవరు నేర్పారు? బడి నేర్పలేదు. అమ్మ నేర్పింది, అత్త నేర్పింది. చేతిలో పైసలు లేని రోజులు నేర్పినయి.

ముందు బొంత సంగతి చూద్దాం. పసిపిల్లల బొంతకు నూలు చీరలే వాడండి. పాలిస్టర్ చీర మెత్తగానే ఉంటది, కానీ తడి పీల్చదు. బిడ్డ తడిలోనే పడుకుంటది. పొయ్యి దగ్గర మసిగుడ్డకు కూడా పాలిస్టర్ వద్దు. మంట తగిలితే కరిగి చేతికి అంటుకుంటది.

నాలుగైదు చీరలు తీసుకోండి. మంచివి రెండు పైకి, కిందికి. చినిగినవి లోపలికి. నేల మీద పరిచి, ముడతలు లేకుండా లాగి, నాలుగు మూలల మీద బరువులు పెట్టండి. ముందే గట్టి కుట్లు వేయవద్దు. జానెడు దూరంలో పెద్ద పెద్ద టాకాలు వేయండి. పొరలు జరగకుండా నిలుస్తాయి. తర్వాత అంచు నుంచి మొదలుపెట్టి, చుట్టూ తిరుగుతూ మధ్యకు రండి. వరుసకు, వరుసకు మధ్య వేలెడు దూరం చాలు. చిరుగు ఉన్నచోట వేరే రంగు గుడ్డతో మాసిక వేయండి. మాసికలు ఎక్కువైతే బొంత ఇంకా అందంగా ఉంటది. మన తండాలల్లో లంబాడీ అక్కల కుట్టు చూడలేదా? రంగు గుడ్డ ముక్కలు, అద్దాలు, గవ్వలు కలిపి ఎంత ముచ్చటగా కుడతారు!

పట్టా ఇంకా సులభం. చీరను మూడు వేళ్ళ వెడల్పు పేలికలుగా చింపి, జడ అల్లండి. జడను గుండ్రంగా చుట్టుకుంటూ దబ్బనంతో కుట్టండి. ఇది పిల్లలు కూడా చేస్తారు.

పాత నూలు చీర ఇంకో పని కూడా చేస్తది. బంగ్లాదేశ్‌లో మట్లబ్ అనే చోటు ఉంది. అక్కడ ఆడవాళ్ళు చెరువు నీళ్ళు, వాగు నీళ్ళు తెచ్చుకునేవాళ్ళు. కలరా బాగా వచ్చేది. రీటా కాల్వెల్ అనే అమెరికా శాస్త్రవేత్త, ఆమె తోటివాళ్ళు 65 ఊళ్ళల్లో పరీక్ష చేశారు. పాత నూలు చీరను నాలుగు మడతలు పెట్టి, బిందె మూతికి కట్టి, నీళ్ళు వడగట్టమన్నారు. అలా వడగట్టిన ఇండ్లల్లో కలరా దాదాపు సగం తగ్గింది. ఈ సంగతి 2003లో అచ్చయింది. కొత్త చీర కన్నా పాత చీరే మేలట. ఉతికి ఉతికి నూలు పోగులు ఉబ్బుతాయి, సందులు చిన్నవైతాయి. కలరా క్రిమి నీటిలోని సన్నటి పురుగులకు, నాచుకు అంటుకొని ఉంటది. అవి గుడ్డలో ఆగిపోతాయి. వడగట్టాక గుడ్డను ఉతికి ఎండలో ఆరేయాలి. ఆ తర్వాత నీళ్ళు కాచుకుంటే ఇంకా మంచిది.

ఇక గింజల సంగతి. కందిపప్పు, శనగలు పుచ్చిపోతున్నాయని అందరూ అంటారు. మన జహీరాబాద్ దిక్కున డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్ళు ఉన్నారు. 1983లో మొదలైన సంస్థ అది. ఆ సంఘాలల్లో దళిత మహిళలే ఎక్కువ. పాత పంటల విత్తనాలను ఇంట్లోనే దాచుకుంటారు. సంక్రాంతి రోజుల్లో ఎడ్లబండ్ల మీద పెట్టుకొని ఊరూరు తిప్పుతారు. వాళ్ళు మందులు కొంటారా? లేదు. బాగా ఎండబెట్టిన గింజలకు బూడిద, ఎండిన వేపాకు కలుపుతారు. మట్టి, పేడ అలికిన బుట్టల్లో పోసి పైన మూసేస్తారు.

ఇంట్లో తినే పప్పుకు కూడా ఉపాయం ఉంది. గింజను పంటి కింద పెడితే టక్కుమని పగలాలి. అప్పుడే ఎండినట్టు. ఎండలో నుంచి తెచ్చిన వెంటనే డబ్బాలో పోయవద్దు. వేడి మీద మూత పెడితే లోపల చెమ్మ పడుతది, బూజు పడుతది. చల్లారాక పోయండి. కిలో కందులకో శనగలకో చిన్న చెంచాడు పల్లీ నూనె పట్టించండి. పురుగు గింజ మీద గుడ్డు పెడుతది కదా, నూనె ఉంటే ఆ గుడ్డు బతకదు.

ఇవన్నీ మీకు ఎంతో కొంత తెలిసినవే. ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

మన పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం, గడ్డపోతారం దిక్కు ఏ ఇంటి ముందు చూసినా ఏముంటది? నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్ము. నిండా నీళ్ళు. కొత్తదా? కాదు. కబాడీ దుకాణంలో కొన్నది. అంతకు ముందు ఎక్కడ ఉంది? ఫ్యాక్టరీలో. అందులో ఏం పోసినారు? అది మాత్రం ఎవరికీ తెలియదు.

ఎందుకు కొన్నారంటే, గట్టిగా ఉంటది, చవకగా వస్తది. నల్లా రోజంతా రాదు. వచ్చినప్పుడే నింపుకోవాలి. రెండు బిందెలతో ఇల్లు గడుస్తదా? కనుక డ్రమ్ము కావాలి. తప్పు మీది అని నేను అనను. నీళ్ళు దాచుకోవాల్సిన అవసరం అలా ఉంది.

కానీ ఒక్కసారి ఆలోచించండి. మన దగ్గర నీళ్ళు ఎలా పాడైనయి? 1970ల తర్వాత ఇక్కడ ఫ్యాక్టరీలు వచ్చాయి. మందుల ఫ్యాక్టరీలు, రసాయనాల ఫ్యాక్టరీలు. మురికి నీళ్ళు నక్కవాగులో కలిసినయి. అక్కడి నుంచి మంజీర దిక్కు పోయినయి. బావులు, బోర్లు చెడిపోయినయి. 1990లో సుప్రీంకోర్టులో కేసు పడింది. 1994లో ఫ్యాక్టరీల మురికి నీళ్ళు శుద్ధి చేసే కేంద్రం పటాన్‌చెరులో మొదలైంది. ఆ కేంద్రం నుంచి బయటికి వచ్చే నీళ్ళను స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్ష చేశారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు ఉందని 2007లో రాశారు. అంటే శుద్ధి చేసిన నీళ్ళల్లోనే అంత మందు!

ఆ రసాయనాల వల్లనే మన బోర్లు పోయినయి. ఇప్పుడు దూరం నుంచి మంచి నీళ్ళు వస్తున్నయి. ఆ మంచి నీళ్ళను మనమే తీసుకొచ్చి మళ్ళీ రసాయనం ఉన్న డ్రమ్ములో పోస్తున్నాం.

"బాగా కడిగినం కదా, ఏమైతది?" అని అడుగుతారు. ప్రతి ఊళ్ళో ఇదే ప్రశ్న. నేను ఒకటి అడుగుతాను, చెప్పండి. ప్లాస్టిక్ డబ్బాలో మామిడి తొక్కు పెట్టినారు. తొక్కు అయిపోయింది. సబ్బుతో కడిగినారు, బూడిదతో తోమినారు, ఎండలో పెట్టినారు. తొక్కు వాసన పోయిందా? ఎర్ర రంగు పోయిందా? పోలేదు. నూనె, కారం ప్లాస్టిక్ లోపలికి పోయినయి. రసాయనం కూడా అంతే. డ్రమ్ము గోడలోకి ఇంకుతది. తర్వాత నీళ్ళు పోస్తే కొంచెం కొంచెం నీళ్ళల్లోకి వస్తది. తొక్కు అయితే వాసన వస్తది, తెలుస్తది. కొన్ని రసాయనాలకు వాసన ఉండదు, రంగు ఉండదు.

"కాచి తాగుతం" అని ఇంకో మాట. కాచితే క్రిములు చస్తాయి. రసాయనం క్రిమి కాదు. ఉప్పు నీళ్ళు కాచి చూడండి, ఉప్పు పోతదా? ఇందాక చెప్పిన చీర మడతలు కూడా రసాయనాన్ని ఆపవు.

బీహార్‌లో ఏం జరిగిందో వినండి. 2013 జూలై 16. సారణ్ జిల్లా గండామన్ అనే ఊరు. బడిలో పిల్లలకు మధ్యాహ్నం అన్నం పెట్టారు. 23 మంది పిల్లలు చనిపోయారు. వంట నూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు ఉందని పరీక్షలో తేలింది. పురుగుమందుకు వాడిన డబ్బాలో నూనె పెట్టి ఉంటారని అధికారులు అన్నారు. ఒక్క డబ్బా, అక్కలారా.

డ్రమ్ముల గురించి చట్టం కూడా ఉంది. ప్రమాదకరమైన వ్యర్థాల నియమాలు 2016లో కొత్తగా వచ్చినయి. రసాయనం అంటిన ఖాళీ డ్రమ్ములు, డబ్బాలు, లోపలి ప్లాస్టిక్ సంచులు కూడా ప్రమాదకరమైన వ్యర్థమే అని అందులో రాసి ఉంది. అనుమతి ఉన్నవాళ్ళకే ఫ్యాక్టరీ వాటిని ఇవ్వాలి. మన వాకిట్లోకి రావడమే నియమానికి విరుద్ధం. కనుక మీ సంఘం తరఫున పంచాయతీలో అడగండి. కాలుష్య నియంత్రణ మండలికి కాగితం రాయండి. కబాడీ దుకాణానికి ఈ డ్రమ్ములు ఎక్కడి నుంచి వస్తున్నాయని అడగండి. సంతకం పెట్టడం వచ్చింది కదా, ఆ సంతకం ఇక్కడ పెట్టండి.

ఇప్పటికే ఇంట్లో ఉన్న డ్రమ్మును ఏం చేయాలి? తాగే నీళ్ళకు, వంటకు, స్నానానికి వద్దు. పశువులకు కుడితి పోయడానికీ వద్దు. వాగులో, నల్లా దగ్గర కడగవద్దు. అమ్మినవాళ్ళకు తిరిగి ఇవ్వండి. పక్కింటికి మాత్రం ఇవ్వవద్దు. ఇంకో మాట గట్టిగా చెబుతున్నాను. ఇనుప డ్రమ్మును పొయ్యి కోసమో, తొట్టి కోసమో గ్యాసు మంటతో కోయవద్దు. ఖాళీగా కనిపిస్తది కానీ లోపల ఆవిరి ఉంటది. మంట తగిలితే పేలుతది. మీ ఇంటాయనకు కూడా ఈ సంగతి చెప్పండి.

మరి నీళ్ళు దేంట్లో పోయాలి? తాగే నీళ్ళకు రంజన్‌ను మించింది లేదు. మట్టి సందుల నుంచి నీళ్ళు సన్నగా ఊరి, గాలికి ఆరుతాయి. అందుకే చల్లగా ఉంటాయి. అందానికి రంగు పూయవద్దు, సందులు మూసుకుపోతాయి. మూత పెట్టండి, పొడుగు కాడ ఉన్న ముంత వాడండి. వాడకం నీళ్ళకు మట్టి గోలెం, సిమెంటు తొట్టి ఉన్నాయి. డ్రమ్మే కావాలంటే కొత్తది కొనండి. ఒక్కరికి భారమైతే సంఘం అప్పు తీసుకోండి. పెండ్లిళ్ళకు అప్పు ఇచ్చే సంఘం నీళ్ళ డ్రమ్ముకు ఇవ్వదా?

ఫ్యాక్టరీ నుంచి వచ్చేది డ్రమ్ము ఒక్కటే కాదు. మిషన్లు తుడిచిన గుడ్డలు వస్తాయి. వాటితో బొంత కుట్టవద్దు. అట్టపెట్టెలు, ప్లాస్టిక్ కవర్లు పొయ్యిలో పెట్టవద్దు, పొగ మీరే పీలుస్తారు. మీ ఇంట్లో ఎవరైనా ఫ్యాక్టరీలో పని చేస్తే, ఆ బట్టలు వేరే బకెట్‌లో ఉతకండి. పసిపిల్లల బట్టలతో కలపవద్దు.

సిమెంటు సంచి సంగతి వేరు. ముక్కుకు గుడ్డ కట్టుకొని, పిల్లలకు దూరంగా దులిపి, తిరగేసి కడిగితే కూర్చునే పట్టాకు, కట్టెలు మోసే సంచికి పనికొస్తది. యూరియా సంచి కూడా పట్టా వరకే. పప్పు, బియ్యం వాటిలో పోయవద్దు.

డబ్బా మీద ఏముందో ముందు చూడండి. పురుగుమందు డబ్బా మీద కోణంగా నిలబెట్టిన చదరం ఉంటది. కింది సగంలో రంగు ఉంటది. ఎరుపు అంటే అన్నిటికన్నా ఎక్కువ విషం. తర్వాత పసుపు, ఆ తర్వాత నీలం, చివరికి ఆకుపచ్చ. ఆకుపచ్చ ఉన్నా తినే వస్తువు పెట్టడానికి పనికిరాదు. ఫ్యాక్టరీ డ్రమ్ముల మీద బొమ్మలు ఉంటాయి. పుర్రె ఉంటే విషం. మంట ఉంటే అంటుకుంటది. చెయ్యి మీద చుక్కలు పడి కరుగుతున్నట్టు ఉంటే చర్మం కాలుతది. చచ్చిన చేప, ఎండిన చెట్టు ఉంటే వాగులో పోయకూడదు. కాగితం చింపేసిన డ్రమ్ము అయితే ఇంకా అనుమానం. ఎందుకు చింపారు?

ఇప్పుడు ఇంట్లో మీరు చేసుకునే పని ఒకటి చెబుతాను. మరుగుదొడ్డి కడిగే యాసిడ్, ఫినాయిల్ విడిగా కొని కూల్‌డ్రింక్ సీసాల్లో పోసుకుంటాం. పిల్లలు దాహమై ఎత్తి తాగుతారు. ఆ సీసాల్లో పోయవద్దు. అవి వచ్చిన డబ్బాలోనే ఉంచి, పైన పిల్లలకు అందని చోట పెట్టండి. ప్రతి డబ్బా మీద పేరు రాసి అంటించండి.

జిగురు కొనవద్దు. రెండు చెంచాల మైదా పిండిని చల్లనీళ్ళల్లో ఉండలు లేకుండా కలిపి, సన్న మంట మీద తిప్పండి. గంజిలా చిక్కబడగానే దింపండి. పిల్లల పాత నోటుబుక్కు కాగితం చాలు. పెద్ద అక్షరాలతో రాయండి. బియ్యం. కందిపప్పు. తాగే నీళ్ళు. అంటించి ఆరాక, పైన కొవ్వొత్తి ముక్కతో గట్టిగా రుద్దండి. మైనం పట్టి, తడి చెయ్యి తగిలినా అక్షరం తొందరగా చెరగదు.

యాసిడ్ డబ్బా మీద 'యాసిడ్, ముట్టవద్దు' అని ఎర్ర రంగుతో రాయండి. పక్కన పుర్రె బొమ్మ కూడా వేయండి. ఇంట్లో ఇంకా చదువు రాని చిన్నోళ్ళు ఉంటారు కదా.