గడప దాటలేని ఇల్లు ఎవరికోసం?

(మండల కేంద్రంలో ఇళ్ల లబ్ధిదారుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

పట్టాల గురించి, బిల్లుల గురించి ముందు మాట్లాడినవాళ్లు చెప్పారు. కట్టిన ఇంట్లోకి ఎవరు నడవగలరు, ఎవరు నడవలేరు? ఆ మాట మేము చెప్తాం.

మేము బడి పంతుళ్లం. మా ఇళ్లల్లో మొదట డిగ్రీ దాకా పోయింది మేమే. హాజరు పట్టీ చూస్తే వాడలో ఏ ఇంట్లో ఏం జరిగిందో మాకు తెలిసిపోతుంది. ఏడో తరగతి పిల్ల వారం రోజులు రాలేదంటే పోయి అడుగుతాం. "నాయనమ్మ స్నానాల బండ మీద జారి పడింది సార్. అమ్మ కూలికి పోవాలె గదా" అంటుంది. ఒకరి తుంటి ఎముక విరిగితే ఇంకొకరి చదువు ఆగిపోతున్నది.

జనం దీన్ని ఖర్మ అంటారు. ఎవరి ఖర్మ? అవి నలభై యేళ్లు బురదలో నాట్లేసి అరిగిన మోకాళ్లు. నల్లగొండ పల్లెల్లో ఫ్లోరైడ్ నీళ్లు తాగి వంగిపోయిన ఎముకలు. ఆ కాళ్లతో ఎత్తు మెట్లెక్కమని, పాచి పట్టిన బండ మీద నిలబడమని, చీకట్లో బయటికి పొమ్మంటే మనిషి పడక ఏం చేస్తాడు?

2014లో స్వచ్ఛ భారత్ వచ్చింది. మరుగుదొడ్డికి 12,000 రూపాయలిచ్చారు. మంచిదే. కానీ కట్టినవి పోయి చూడండి. ఎక్కడానికి మెట్లు, పక్కకు తిరిగి దూరే తలుపు, గొంతుక్కూర్చునే బేసిన్. పట్టుకోను గోడ తప్ప ఏమీ లేదు. కాళ్లు రాని తమ్ముడు ఆ తడిలో చేతుల మీద పాకాలి. సర్కారు వికలాంగుల్ని దివ్యాంగులని పిలుస్తున్నది. పేరు మారితే మెట్టు ఎత్తు తగ్గుతుందా?

చట్టం మన పక్షాన ఉంది. 2016 హక్కుల చట్టం 37వ సెక్షన్ ప్రకారం ఇళ్ల కేటాయింపులో, వ్యవసాయ భూమి కేటాయింపులో 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్నవాళ్లకు 5 శాతం రిజర్వేషన్ ఉండాలి. అందులో ఆడవాళ్లకు ప్రాధాన్యం ఇవ్వాలి. గ్రామసభలో జాబితా చదివేటప్పుడు లేచి అడగండి: ఈ 5 శాతంలో ఎవరున్నారు?

ఇక మేస్త్రీకి పునాది నాడే చెప్పాల్సినవి. వాకిలికి వాలుబాట పెట్టాలి, అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవు. జాగా చాలకపోతే మలుపు తిప్పాలి. తలుపు మూడడుగుల వెడల్పు ఉండాలి. మరుగుదొడ్డి తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపల మనిషి పడితే లోపలికి తెరిచే తలుపుకు ఆ మనిషే అడ్డం పడతాడు. పట్టుకునే గొట్టాన్ని గోడలో సిమెంటుతో పాతాలి. ఉత్త మేకులకు తగిలిస్తే మనిషితో సహా ఊడొస్తుంది. నున్నటి టైల్స్ మోజు వద్దు. గడప నేలమట్టంగా ఉండాలి. నేలమట్టంగా ఉన్న గడపకు కూడా పసుపు పూయొచ్చు అక్కా, దేవుడేమీ అనడు!

పాత ఇల్లయితే బండ మీద పాచి గీకండి. మెట్ల అంచుకు సున్నం గీత గీయండి. మంచం మీంచి చెయ్యి అందేచోట స్విచ్చి పెట్టించండి. గట్టి ఇనప కుర్చీ సీటు మధ్యలో కోసి బేసిన్ మీద వేస్తే మోకాళ్లు వంచలేనోళ్లు కూర్చోగలరు. చూపు లేనోళ్లకు మంచం నుంచి మరుగుదొడ్డి దాకా నడుమెత్తున తాడు కట్టండి. బిందె, రోకలి వాళ్లకు చెప్పకుండా జరపొద్దు.

ఇంజనీరు "ఎస్టిమేట్‌లో లేదు" అంటాడు. ఎస్టిమేట్ మనుషులు రాసిందే. మనుషులే మార్చాలి. వాడకు ఇద్దరు కుర్రాళ్లు ఇంటింటికీ పోయి ఒకే ప్రశ్న అడిగి రాసుకోండి: రాత్రిపూట ఒంటరిగా మరుగుదొడ్డికి పోలేనివాళ్లు ఈ ఇంట్లో ఎందరు? ఆ కాగితం వచ్చే గ్రామసభలో సర్పంచి ముందు పెడదాం. వాళ్లను మంచాల మీద మోసుకొనైనా సభకు తీసుకొద్దాం. వాళ్ల మాట వాళ్లే చెప్తారు.

జై భీమ్!