భవిష్యము చెప్పు బావులు



ద్వారక పండ్రెండవ సెక్టారులో, అపార్టుమెంటుల నడుమ, లోహార్‌హేడీ బావోలీ యను దిగుడుబావి యొకటి కలదు. లోడీ సుల్తానుల నాటిది. దాని ప్రక్కగా నిత్యము పోవువారిలోనైనను తొంగిచూచువారు అరుదు.

ఐర్లండులో బావుల కింతటి నిరాదరణ లేదు. అచట పుణ్యతీర్థములుగా నెంచబడు బావులు సుమారు 3,000 కలవు. ఇంట రోగి యున్నచో బంధువులు బావికేగి, మన గుడులలోవలెనే కుడిచుట్టుగా ప్రదక్షిణము చేసి, నీటిలోనికి చూచెడివారు. చేప కనబడెనా, రోగి కోలుకొనునని నమ్మకము. ఆ చేపను పట్టి వండబోయినచో కుండలో నీరు మరగనే మరగదట! 1937-39 నడుమ ఆ దేశపు బడిపిల్లలు తాతల నడిగి వ్రాసిన జానపద సేకరణలో ఇట్టి కథలు కొల్లలు. బావిలో మురికిగుడ్డ లుతికినచో అది అలిగి రాత్రికి రాత్రి వేరొక చోటికి తరలిపోవునని మరియొక నమ్మకము. అన్నిటిలోను సత్యమునకు దగ్గరైనది ఇదియే.

తెలుగువారికి బావికన్న నది జోస్యమే ప్రసిద్ధము. కృష్ణవేణి పొంగి కనకదుర్గమ్మ ముక్కుపుడకను తాకునను మాట వీరబ్రహ్మముగారిదని చెప్పుదురు. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజి వద్ద వరద పదకొండు లక్షల క్యూసెక్కులు దాటగా, ఇంద్రకీలాద్రి వంక చూడని బెజవాడవా రుండరు.

ఇక శాస్త్రము. ఆరవ శతాబ్దమున వరాహమిహిరుడు బృహత్సంహితలో భూగర్భజలమును కనుగొను విధమునకే ఒక అధ్యాయము కేటాయించెను. నేరేడుచెట్టునకు తూర్పున సమీపముననే పుట్ట యున్నచో, దక్షిణపు ప్రక్కన రెండు నిలువుల లోతున తీయని నీరు పడునట. అరనిలువు త్రవ్వగానే గుర్తుగా అగపడున దేమి? చేప! పిమ్మట పావురపు వన్నె రాయి, నల్లమన్ను. ఐర్లండు చేప రోగి భవిష్యము చెప్పెను. ఈ చేప ఊరి భవిష్యము చెప్పుచున్నది.

ద్వారకకు తొలుత వచ్చి స్థిరపడిన ఉద్యోగి కుటుంబముల కీ మాట విలువ తెలియును. మునక్ కాలువ నీరు రాకపూర్వము ట్యాంకరు మ్రోత వినబడగానే ఆఫీసు వేళను మరచి బిందెలతో పరుగెత్తిన యిల్లాండ్రు, దొర లెందరో! బోరు వేసిన చోట్ల ఉప్పునీరు పడెను. ఆ పల్లెవారు మాత్రము అయిదు శతాబ్దములకు పూర్వమే ఆ నేలలో తమ నీటిని చూచుకొనిరి.

కర్తవ్యపథమున కిరువైపుల నేరేడుచెట్లు ఇప్పటికిని కలవు. ఆషాఢమున పండ్లు రాలినప్పుడు సచివాలయపు గుమాస్తాలు చొక్కాకు మరక కాకుండ తప్పుకొని నడచెదరు. తూర్పున పుట్ట యున్నదేమోయని చూచువాడు లేడు.