రాళ్లు పాతక ముందే

శాతవాహనుల వైభవం గురించి నాలుగు మాటలు చెప్పి కూర్చుంటే సభాధ్యక్షుడిగా నా పని అయిపోతుంది. తగరపువలసలో ఆ పని చేస్తే తప్పించుకున్నట్టే. భీమిలి వైపు వెళ్లినా, గోస్తని నది దాటి భోగాపురం వైపు వెళ్లినా వెంచర్ల జెండాలే కనిపిస్తున్నాయి. ఇళ్లు కట్టొద్దని నేననను. జనానికి గూడు కావాలి. కానీ లేఅవుట్ రాళ్లు పాతక ముందు ఆ నేలను చరిత్ర తెలిసినవాళ్లెవరైనా చూశారా?

అలా ముందే చూడటం మనకు చేతకాని పనేం కాదు. నాగార్జునసాగర్ నీళ్లలో మునిగిపోతుందని తెలిసి, 1954 నుంచి 1960 దాకా పురావస్తు శాస్త్రవేత్త ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో నాగార్జునకొండ లోయను తవ్వారు. ముఖ్యమైన కట్టడాలను ఎత్తుకు చేర్చి మళ్లీ నిలబెట్టారు. జలాశయం నిండక ముందు ఆరేళ్లు తవ్విన మనం ప్లాట్ల కోసం ఆరు రోజులు ఆగలేమా?

తొట్లకొండ బౌద్ధారామం సంగతి చూడండి. 1976లో నౌకాదళం సర్వేలో బయటపడింది. 1988-93 తవ్వకాల్లో స్తూపాలు, విహారాలు, రోమన్ వెండి నాణేలు దొరికాయి. ఆ తర్వాత లార్స్ ఫోగెలిన్ అనే అమెరికన్ పరిశోధకుడు గునపం పట్టకుండానే చుట్టుపక్కల నేలంతా నడిచి చూశాడు. ఆరామం బయట రాళ్లగుట్టలను, పాత జాడలను నమోదు చేసి 2006లో పుస్తకం వేశాడు. కంచె వేసిన చోటే చరిత్ర ఉందనుకోవడం ఎంత పొరపాటో ఆ పుస్తకం చదివితే తెలుస్తుంది.

భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బల్లో గోరంత రాతి పనిముట్లు దొరికాయి. జాతీయ భూవారసత్వ స్థలమని పేరుంది. అయినా 2024 జూలైలో ఇళ్ల స్థలాల కోసం అక్కడ యంత్రాలు దిగాయి. గోల చేశాకే పనులు ఆగాయి. పేరున్న చోటే ఇలా ఉంటే, పేరులేని మెరకల గతేమిటి? పురాతన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ పెట్టిన 100 మీటర్ల నిర్మాణ నిషేధం కేంద్ర రక్షిత కట్టడాలకే. ఎవరూ గుర్తించని దిబ్బను ఏ చట్టమూ కాయదు.

చేయాల్సిన పని చిన్నదే. గడ్డి ఎండాక నలుగురైదుగురు పదేసి అడుగుల ఎడంతో వరసగా నడవాలి. ఊక ఆనవాళ్లున్న మందపాటి ఇటుక ముక్క, నలుపూ ఎరుపూ కలిసిన కుండపెంకు కనిపిస్తే సర్వే నంబరు పటంలో గుర్తు పెట్టాలి. అనుమానమున్న చోట చిన్న గుంట తవ్వి చూడాలి. ఏమీ లేకపోతే మర్నాడే పని మొదలుపెట్టుకోవచ్చు. ఇంగ్లండులో 1990 నుంచి ఇలాంటి పరిశీలన అనుమతికి ముందే జరుగుతోంది. దాని ఖర్చు నిర్మాణం చేసేవాడిదే. మన బిల్డర్లకు క్లబ్‌హౌస్‌కు ఉన్న డబ్బు దీనికి లేదంటే నేను నమ్మను.

విశాఖ మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ (వీఎంఆర్‌డీఏ) లేఅవుట్ అనుమతుల్లో ఇలాంటి పరిశీలన నివేదికను తప్పనిసరి చేయాలని ఈ సభ తీర్మానించాలి. అంతదాకా మీరూ ఊరుకోకండి. మీ ఊళ్లో వెంచర్ బోర్డు లేచిన రోజే, సర్వే నంబరు రాసి పురావస్తు శాఖకు అర్జీ పెట్టండి. రసీదు తీసుకోవడం మరవకండి.