వట్టి నెలల వాయిదా
(రెడ్డిగూడెంలో పాల సంఘ సభ్యుల సమావేశంలో సహకార ఇన్‌స్పెక్టర్ చేసిన ప్రసంగ పాఠం)



పొదుపు సంఘం అప్పుతో గేదెను కొనడం కష్టం కాదు. వట్టిపోయిన నెలల్లో వాయిదా కట్టడమే కష్టం. గేదె సుమారు 10 నెలలు పాలిస్తుంది. మళ్ళీ ఈనేదాకా రాబడి లేదు, మేత ఖర్చు ఆగదు. మన మెట్టలో వేసవి పచ్చిమేత సంగతి మీకు తెలిసినదే.

తనిఖీకి వెళ్ళిన ఒక ఊళ్ళో వాయిదా కోసం చూడిగేదెను అమ్ముకున్న కుటుంబాన్ని చూశాను. గేదె పోయింది, అప్పు మిగిలింది.

కాబట్టి రెండు గేదెలనూ ఒకేసారి కొనకండి. రెండవది 6 నెలలు ఆగి కొనండి; ఒకటి వట్టిపోయేనాటికి రెండవది పాడిలో ఉంటుంది. ప్రతి పాల బిల్లులోనూ కొంత వట్టి నెలలకు దాచండి. దాణాకు చేబదులు వద్దు. 2018-19 నుంచి కిసాన్ క్రెడిట్ కార్డు పాడి రైతుకూ వర్తిస్తుంది.