రిబేటు వెంట మన నడక
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షన్ ఎవరి దయాదాక్షిణ్యం కాదు, హక్కు అని నకారా కేసులో సుప్రీంకోర్టు 1982 డిసెంబరు 17న చెప్పింది. ఆ తీర్పును తలచుకుంటూ ఏటా ఇదే రోజున కలుసుకుంటున్నాం. సరిగ్గా మరో వారానికి, 24న, జాతీయ వినియోగదారుల దినం. అందుచేత, చేతికొచ్చిన పెన్షన్ ఏ బజారులో ఖర్చవుతోందో నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. నేను ఆర్థికశాస్త్రం చదివినవాణ్ణి కాను. 35 ఏళ్లు ఫైళ్ల మీద నోట్ పెట్టిన గుమాస్తాను. ఆ పద్ధతిలోనే విషయం మీ ముందుంచుతాను.

మన చిన్నతనంలో బేరం మనమే ఆడేవాళ్లం. మా అమ్మ కూరగాయల దగ్గర కొసరు పడనిదే లేచేది కాదు. పిడికెడు పచ్చిమిరపకాయలు, రెండు కరివేపాకు రెబ్బలు సంచిలో పడాల్సిందే. మనం ఉద్యోగాల్లో చేరాక రిబేటు అనే మాట అలవాటయింది. గాంధీ జయంతికి ఖాదీ భండారులో, పండుగలకు ఆప్కోలో రిబేటు అంటే మధ్యాహ్నం ఆఫీసులో సగం కుర్చీలు ఖాళీ! ఆ రిబేటు వెనుక మగ్గం ఆగకూడదన్న ఉద్దేశం ఉండేది.

ఇప్పుడు ఆషాఢం సంగతి చూడండి. పెళ్లిళ్లు లేని శూన్యమాసం. బట్టల కొట్లు వెలవెలబోయే కాలం. పాత సరుకు కదిలితేనే శ్రావణమాసపు పెళ్లిళ్లకు కొత్త సరుకు దించడానికి డబ్బు, చోటు దొరుకుతాయి. వ్యాపారి తగ్గింపు ఇవ్వడానికి కారణం అదీ. దాంతో గుడివాడ, తెనాలి నుంచి కూడా జనం బస్సెక్కి విజయవాడ బీసెంట్ రోడ్డుకు వస్తున్నారు. ఊళ్లో కొట్టు ఉన్నా బోర్డు మీది అంకె వాళ్లను లాక్కొస్తోంది.

ఆ అంకెను కాస్త గుమాస్తా కళ్లతో చూద్దాం. ‘50 శాతం, ఆపైన మరో 20 శాతం’ అంటే 70 అనుకుంటాం. వెయ్యి రూపాయల చీర మొదట 500 అవుతుంది. 20 శాతం ఆ 500 మీదనే. అంటే 400. మొత్తం తగ్గింది 60 శాతమే. ‘రెండు కొంటే ఒకటి ఉచితం’ అంటే మూడో వంతు తగ్గింపు. అదీ మూడూ మనకు అవసరమైతేనే. ఇక ప్యాకెట్ మీది ఎమ్మార్పీ సంగతి. అంతకు మించి అమ్మకూడదని దాని అర్థం. అంతకే అమ్మాలని ఎక్కడా లేదు. కనుక ఎంత శాతం అన్నదానికంటే, దేని మీద అన్నది ముందు అడగాలి.

ఇంతవరకు లెక్క. ఇక నా సొంత అనుభవం మనవి చేస్తాను.

1986లో మన ఎన్జీవోల సమ్మె యాభై రోజులు దాటింది. జీతం లేదు. ఇంట్లో ఇద్దరు పసిపిల్లలు. మా వీధి కిరాణా కొట్టు శెట్టిగారు నేను నోరు తెరవకముందే బియ్యం, కందిపప్పు తూచి, ఖాతా పుస్తకంలో రాసుకున్నారు. ‘జీతాలొచ్చాక చూద్దాం లెండి, గుమాస్తాగారూ’ అన్నారు. ఆ బాకీ తీర్చడానికి నాకు అయిదు నెలలు పట్టింది. ఆయన వడ్డీ మాట ఎత్తలేదు.

2008లో నేను రిటైరయ్యాను. కొన్నేళ్లకు మాకు రెండు కిలోమీటర్ల దూరంలో ఒక పెద్ద సూపర్ మార్కెట్ వచ్చింది. కందిపప్పు కిలోకు ఎనిమిది రూపాయలు తక్కువ. మొదట పప్పులు, తరువాత నూనె, సబ్బులు, చివరికి ఉప్పు కూడా అక్కడే. తిరిగొచ్చే ఆటో శెట్టిగారి కొట్టు ముందునుంచే పోవాలి. సంచులు కాళ్ల మధ్య పెట్టుకుని తల రెండో పక్కకు తిప్పుకునేవాణ్ణి.

2020లో లాక్‌డౌన్ వచ్చింది. ఆటోలు లేవు. మన వయసువాళ్లు గడప దాటవద్దన్నారు. ఆయనకు ఫోన్ చేయడానికి నాకు మొహం చెల్లలేదు. మా ఆవిడే చేసింది. గంటలో వాళ్లబ్బాయి సరుకులు గుమ్మంలో పెట్టి వెళ్లాడు. ధరలో ఒక్క రూపాయి ఎక్కువ వేయలేదు.

ఆ తరువాతైనా మారామా? ఆటోలు తిరగ్గానే మళ్లీ మా దారి సూపర్ మార్కెట్‌కే. రెండేళ్లకు శెట్టిగారు కొట్టు మూసేశారు. నా ఒక్కడివల్లా కాదులే అని సరిపెట్టుకున్నాను. మా వీధిలో అందరూ అలాగే సరిపెట్టుకున్నారు.

అప్పుడు పద్దుల పుస్తకం తీసి ఒక నెల లెక్క చూశాను. తగ్గింపువల్ల మిగిలింది 210 రూపాయలు. ఆటోలకు 120. చవగ్గా ఉందని తెచ్చి, వాడకుండా పారేసినవి 300 పైచిలుకు. ఇప్పుడు రాత్రి ఎనిమిదింటికి పంచదార నిండుకుంటే అడగడానికి వీధిలో మనిషి లేడు.

తగ్గింపు వద్దని నేను చెప్పడం లేదు. పెన్షన్ మీద బతికేవాళ్లం, రూపాయి చూసుకోవాల్సిందే. నెల సరుకులు ఎక్కడ చవకైతే అక్కడే తెచ్చుకోండి. అయితే ఇంట్లో చీటీ రాసుకుని వెళ్లండి. చీటీలో లేనిది సంచిలో పడనివ్వకండి. బిల్లు దాచుకోండి. తేడా వస్తే 1915 నంబరుకు ఫోన్ చేయవచ్చు. మందుల విషయంలో శాతం చూసి మోసపోకండి. అదే మందు జనఔషధి కేంద్రంలో దొరుకుతుందేమో డాక్టరుగారిని అడగండి. రోజువారీ సరుకు, పాలు, పెరుగు, కొబ్బరికాయ మాత్రం వీధి కొట్టులోనే కొనండి. రెండు రూపాయలు ఎక్కువైనా, అది అవసరానికి ఆదుకునే మనిషిని నిలబెట్టుకున్న ఖర్చు అనుకోండి.

నా మట్టుకు ఈ తెలివి కొట్టు మూతపడ్డాక వచ్చింది. మీ వీధిలో ఇంకా ఒక శెట్టిగారు ఉంటే, ఈ సాయంత్రం ఇంటికి పోతూ అక్కడ ఆగండి.